సూదిమొనంత చిల్లు

మార్చి 2, ఆదివారం

చెల్లి దవడ రెండు చోట్ల విరిగింది. కింది వరసలో ముందు పళ్లు పోయాయి. ఒకటి దాని గ్లవ్‌లో దొరికింది, మిగతావి కొండ మీదే ఉండిపోయాయి.

రేపు ఎవరో ఒకరు వచ్చి సర్దిచెబుతారు, అప్పుడు నాకే అనుమానం మొదలవుతుంది. అందుకే ఇప్పుడే రాయాలి. కొండ దారిలో సైకిళ్ల మీద వెళ్తున్నాం, అది ముందు, నేను వెనక. పెద్ద మలుపు దాటి దిగుడు మొదలయ్యే చోట దాని ముందు టైరు ఢామ్మని పేలింది. సైకిల్ ఆగిపోయింది, అది ఆగలేదు. హ్యాండిల్ మీదుగా ఎగిరి వెళ్లి గడ్డం రాయికి కొట్టుకుంది. ఆ చప్పుడు గురించి రాయను.

దాన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టి వెనక్కి వెళ్లి చూశాను. ఆకుల కింద చెక్క ఉంది. చెక్క నిండా మేకులు, మొనలు పైకి. పైన ఆకులు కప్పి, ఆకుల మీద మట్టి కూడా చల్లారు. కొండ మీద ముల్లు గుచ్చుకుంటే నాకు కోపం రాదు, ప్యాచీ వేసుకుని పోతాను. గాజుపెంకు గుచ్చుకున్నా అంతే. ఇది మాత్రం ఎవడో తీరిగ్గా కూర్చుని, సుత్తి పట్టుకుని, ఒక్కో మేకూ దిగ్గొట్టి చేసిన పని.

వాడు దొరకాలి. దొరికితే ఎముకలు సున్నం చేస్తాను.

మార్చి 3

దవడకి తీగలు కట్టారు. నెల దాటేదాకా నోరు తెరవకూడదు, జావ గొట్టంతో తాగాలి. మా ఆయన దానికొక పలక కొనిపెట్టాడు. అది మొట్టమొదట రాసిన మాట: నా సైకిల్ ఎలా ఉంది?

నవ్వాను. తర్వాత బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల దగ్గర గోడని గుద్దాను. వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. నర్సు దూది తెచ్చి ఇచ్చింది.

మార్చి 4

పోలీస్ స్టేషన్లో ఉన్నాయన అడుగుతాడూ, "చెక్క పెట్టినవాణ్ని మీరు చూశారా?" అని.

"చూసుంటే ఇక్కడికెందుకొస్తాను? వాణ్నే మోసుకొచ్చి మీ బల్ల మీద పడేసేదాన్ని" అన్నాను.

మా ఆయన నా మోచేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. అందరూ చూస్తుండగా. అలా లాగితే నాకు చిర్రెత్తుకొస్తుందని తెలుసు ఆయనకి, తెలిసీ లాగాడు.

ఇంటికొచ్చాక కాస్త గొడవైంది. ఆయన కళ్లజోడు విరిగింది. ఆ మనిషికి జాగ్రత్త అంటూ ఉంటే కదా. రోజంతా కుట్టుమిషన్ ముందు కూర్చునేవాడికి కళ్లజోడు లేకపోతే ఎలా? బీరువాలో పాతది ఒకటుంటే తీసి పెట్టుకున్నాడు.

మార్చి 5

హెడ్‌మిస్ట్రెస్ గదికి పిలిచింది. కూర్చోమని నీళ్లిచ్చింది. చెల్లి గురించి అడిగింది, అయ్యో పాపం అంది. అప్పుడు అసలు సంగతికొచ్చింది.

"చూడమ్మా, పోయినేడాది వ్యాన్ డ్రైవర్ గొడవ నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. డ్రిల్ టీచర్‌వి, పిల్లలందరూ నిన్నే చూస్తుంటారు. ఇంకోసారి చెయ్యి లేచిందంటే నేను కూడా కాపాడలేను. ఉద్యోగం పోతుంది."

"నా చెయ్యి ఊరికే లేవదు మేడమ్" అన్నాను.

అది నిజం. ఎవరో ఒకరు లేపితేనే లేస్తుంది.

మార్చి 7

ఒక్కదాన్నే కొండెక్కాను. సైకిల్ తొక్కలేదు, నడిపించుకుంటూ వెళ్లాను. కర్రతో ఆకుల్ని తిరగేస్తూ, అడుగడుగునా ఆగుతూ. రెండో చెక్క దొరికింది. మొదటిదాని కంటే పొడుగ్గా ఉంది. దాన్ని తిప్పి చూస్తే అంచున నీలం రంగు. వాసన చూస్తే మైనం.

ఆ కొండ మీద మైనం వాసన కొట్టే నీలం చెక్కలు ఎవరి దగ్గరుంటాయో చెప్పడానికి పోలీసులు కావాలా? మలుపు పైన తేనెటీగలు పెంచే తేనెపెట్టెలవాడు ఉంటాడు. వరసగా నీలం పెట్టెలు. చలికాలంలో ఎవరో కుర్రాడు సైకిల్‌తో వెళ్లి ఒక పెట్టెకి గుద్దుకుంటే వీడు వల ముసుగు పైకెత్తి మా అందరినీ బూతులు తిట్టాడు. "మీ చక్రాలు ఇటు తిరగకుండా చేస్తా" అన్నాడు. అప్పుడు నేనూ చెల్లీ నవ్వుకున్నాం.

ఇంటికొచ్చి మా ఆయనకి చెక్క చూపించాను. ఎవరి చొక్కానో ఇస్త్రీ చేస్తున్నాడు.

"వాడి రెండు చేతులూ విరగ్గొడతాను. సుత్తి పట్టుకున్న చేతులు మళ్లీ చెంచా కూడా పట్టుకోకూడదు."

"పోలీసులకి చెబుదాం. ఇప్పుడు రుజువుంది కదా."

"చెప్పాంగా. పక్కన పడేశారుగా నా మాట."

"ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే పోయింది, జైల్లో పెడతారు. మరదల్ని ఎవరు చూస్తారు? నన్ను..." అని ఆగిపోయాడు. చొక్కా కాలర్ కాలింది. నోట్లో నాలుక లేని మనిషి, ఒక్కసారి ఇన్ని మాటలాడటం పెళ్లయ్యాక ఇదే మొదలు.

రేపు వెళ్తాను.

మార్చి 8

వెనక టైరు నేలకి అంటుకుపోయి ఉంది.

నా పద్ధతి నాది. టైరు మీద కంపెనీ లేబుల్ ఉంటుంది, దాన్ని ఎప్పుడూ వాల్వ్‌కి ఎదురుగా పెట్టి ఎక్కిస్తాను. అలా పెడితే ట్యూబ్‌లో చిల్లు ఎక్కడుందో చూసి, టైరులో సరిగ్గా అక్కడే వెతకొచ్చు. గుచ్చుకున్నది లోపలే ఉండిపోతే ఎన్ని ప్యాచీలు వేసినా దండగే, మళ్లీ గుచ్చుకుంటుంది. జనం ప్యాచీ వేసేసి సంబరపడిపోతారు. ముందు టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తడమాలి. పెళ్లైన కొత్తలో మా ఆయనకి కూడా ఇదే నేర్పాను, నెత్తిన మొట్టికాయలేసి మరీ.

బేసిన్లో నీళ్లు పోసి ట్యూబ్ ముంచితే ఒక్క బుడగ, ఆగి ఆగి ఇంకొకటి. సూదిమొనంత చిల్లు. అదీ లోపలివైపు, రిమ్‌కి ఆనుకునే వైపు. టైరు తడిమితే ఏమీ లేదు. రిమ్ మీద టేపు జరిగిందేమోనని చూశాను, జరగలేదు. అయినా మార్చేశాను. సొల్యూషన్ రాసి, ఆరబెట్టి, ప్యాచీ వేసి, ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. ఎండ చూసి ఆగిపోయాను.

మార్చి 9

మళ్లీ.

మార్చి 10

ముందు చక్రం ఈసారి. లోపలివైపే. సూదిమొనంతే.

పైగా ప్యాచీల డబ్బా కనబడలేదు. ఇల్లంతా తిరగేస్తే ఉప్పు డబ్బా వెనక దొరికింది. నేనెప్పుడు పెట్టానో అక్కడ! మతి పోతోంది నాకు.

లోపలివైపు చిల్లు దానంతటది పడదు. ఎవరో టైరు విప్పి, ట్యూబ్ బయటికి లాగి, గుచ్చి, మళ్లీ ఎక్కించి పోతున్నారు. ఇంటి వెనక వరండాలోకొచ్చి. నా ఇంట్లోకొచ్చి! ఎక్కించడం కూడా శుభ్రంగా ఎక్కించాడు వెధవ, లేబుల్ వాల్వ్‌కి ఎదురుగా, ఎక్కడా ముడత లేకుండా. అంటే వాడికి నా గురించి అంతా తెలుసు. నేను వెతుకుతున్నానని తెలుసు. కొండ మీద చెల్లిని పడేసి, ఇప్పుడు నా గుమ్మంలోకొచ్చి నవ్విపోతున్నాడు.

మా ఆయనతో అన్నాను. "ఏ పిల్లో గీరి ఉంటుందిలే" అన్నాడు.

"పిల్లి లివర్లు పెట్టి టైరు విప్పిందా? సూది తెచ్చుకుందా?"

ఆయన దారం ఎక్కించుకుంటున్నాడు, ఎంతకీ ఎక్కలేదు. ఆ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడం చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది. చెల్లికి అంత జరిగితే, ఇంట్లోకి దొంగొస్తే, మగాడన్నవాడు దారం ఎక్కించుకుంటాడా?

పాత కళ్లజోడు కూడా ఒక కాడ పోయింది. దారం కట్టి పెట్టుకున్నాడు.

మార్చి 11

జావ తీసుకెళ్లాను. చెల్లి నా వేళ్లు చూసింది. కణుపుల మీద కొత్తగా గీరుకుంది. పలక మీద రాసింది: బావ ఏడీ?

"ఇంట్లో ఉన్నాడు. ఒంట్లో బాగాలేదు."

తుడిచేసి మళ్లీ రాసింది: కోపమొస్తే బావ మీద చూపించకు.

మందుల మత్తు దీనికి. ఏదేదో రాస్తోంది. పలక లాక్కుని తుడిచి, దిండు సర్ది వచ్చేశాను.

మార్చి 13

ఒక్క కంటితో రాస్తున్నాను. రెండోది మూసుకుపోయింది.

పొద్దున్న మళ్లీ గాలి లేదు. ఈసారి ప్యాచీ కూడా వేయలేదు. కొత్త ట్యూబ్ పెట్టి, ఇనప పంపుతో గాలి కొట్టి, ఆ పంపు వీపు సంచీలో పెట్టుకుని బయల్దేరాను. మా ఆయన గేటు దాకా వెనకే వచ్చాడు. "వద్దు, ఈ ఒక్కరోజు ఆగు" అన్నాడు. తోసేశాను.

వాడు పెట్టెల దగ్గరే ఉన్నాడు. పొగడబ్బా ఒక చేతిలో, ముసుగు మెడ దాకా. నేను చెక్క తీసి వాడి కాళ్ల ముందు పడేశాను.

"ఇది నీదేనా?"

బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు. ముసుగు పైకెత్తాడు. నేననుకున్నదానికంటే పెద్దవాడు.

"నాదేనమ్మా. ఆ అమ్మాయి ఎలా ఉంది?"

చెంప పగలగొట్టాను. పొగడబ్బా దొర్లిపోయింది. పంపు తీసి భుజం మీద ఒకటి వేశాను. ఎదురు తిరగలేదు, కూలబడ్డాడు.

"టైరు పోతే దిగి నడుస్తారనుకున్నానమ్మా. గాలి పోతే ఆగిపోతారు, ఇటు రావడం మానేస్తారనుకున్నాను, అంతే. మనిషి పడిపోతుందని నా బుర్రకి తట్టలేదు. స్టేషన్‌కి పద, వస్తాను. నేనే చెబుతాను."

అంతటితో ఆగేదాన్నే. ఇది నిజం, నా చెల్లి మీద ఒట్టు. వాడు ఏడుస్తున్నాడు, నా చెయ్యి దిగిపోయింది కూడా. కాలర్ పట్టుకుని లేపాను, స్టేషన్‌కి నడిపించుకుపోదామనే.

అప్పుడు అడిగాను, "మా ఇంటికెందుకొచ్చావురా?"

"మీ ఇల్లా? మీ ఇల్లెక్కడో నాకేం తెలుసమ్మా?"

"వరండాలోకొచ్చి ట్యూబులు గుచ్చింది నువ్వు కాదూ?"

"నేను కొండ దిగి చాలా రోజులైంది. కొత్త ఈగలు పెట్టిన పిల్ల పెట్టెలున్నాయి, వదిలి రాలేను. కొండ మీద చెక్కలు నావే. ఇంటి సంగతి నాకు తెలీదు."

ఒకటి ఒప్పుకుని ఒకటి దాస్తాడా! పళ్లు పోగొట్టింది ఒప్పుకుంటాడు, చిల్లు పెట్టింది ఒప్పుకోడు! నా మొహం మీదే అబద్ధం! కళ్ల ముందు ఎర్రగా అయిపోయింది. వాడి కుడిచేయి పెట్టె మూత మీదుంది, ఆసరాగా పట్టుకుని నిలబడ్డాడు. ఆ చేతి మీద పంపుతో కొట్టాను. మళ్లీ కొట్టాను. వేళ్లు పంపు కింద పుల్లల్లా విరగడం నా చేతికి తెలిసింది. "చెప్పు, మా ఇంటికొచ్చావా లేదా" అంటూ కొట్టాను. "వచ్చాను, వచ్చానమ్మా, వచ్చాను" అని అరిచాడు చివరికి. మూత పగిలి పెట్టె బోర్లాపడింది.

తర్వాత తేనెటీగలు. ఒళ్లంతా నిప్పు పోసినట్టైంది. ఇద్దరం చెరోవైపు పరిగెత్తాం. రోడ్డు దగ్గర వాణ్ని ఎవరో వ్యాన్‌లో ఎక్కించుకోవడం చూశాను. నేను ఆగలేదు.

మా ఆయన నన్ను వెలుగులో కూర్చోబెట్టి, బట్టల్లోంచి దారప్పోగులు లాగే చిన్న పట్టకారుతో మొహం మీది ముళ్లు ఒక్కొక్కటీ తీశాడు. ఆయన చెయ్యి తగిలినట్టే ఉండదు. తీస్తూ తీస్తూ అడిగాడు.

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు. చెయ్యి పోయింది."

"ఏ చెయ్యి?"

"కుడిది."

పట్టకారు పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకున్నాడు. పొద్దున తిన్నది పడలేదేమో.

మార్చి 14

వాడు పోలీసులకి ఏమీ చెప్పలేదట. జారి పెట్టె మీద పడ్డాను, ఈగలు కుట్టాయి అన్నాడట. చెప్పడు మరి. నా పేరు చెబితే మేకుల సంగతి బయటికొస్తుంది. చేతికి ఆపరేషన్ చేశారు, రెండు వేళ్లు తీసేశారు. చెల్లి ఉన్న ఆసుపత్రిలోనే, కింది అంతస్తులో ఉన్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ నా మొహం చూసి "అయ్యయ్యో, తేనెటీగలా?" అని సెలవిచ్చి పంపింది.

బయటపడ్డాను. ఇల్లు కూడా ప్రశాంతంగా ఉంది, చక్రాలకి గాలి నిలబడింది. చూశారా, వాడి పనే.

మార్చి 16

చెల్లి నోటికి ఆ రెండు వేళ్లు సరిపోతాయా? సరిపోవు. ఇవాళ అది జావ మింగలేక ఏడ్చింది, నోరు తెరవకుండా ఏడవడం చూడలేకపోయాను. కొండ మీద ఆ పెట్టెలు ఇంకా ఉన్నాయి. వాడు ఆసుపత్రిలో ఉన్నాడు, కాపలా లేదు. రేపు కిరోసిన్ తీసుకెళ్లి అన్నిటికీ నిప్పు పెడతాను. మా ఆయనకి చెప్పేశాను. ఏమంటాడు? తల దించుకుని గుండీలు కుట్టుకుంటున్నాడు.

మార్చి 17

గాలి లేదు.

రెండు చక్రాలకీ లేదు.

వాడు ఆసుపత్రిలో ఉన్నాడు. కట్టుతో మంచం మీద ఉన్నాడు. నిన్న నేనే తలుపు సందులోంచి చూశాను.

మార్చి 18

పోలీస్ స్టేషన్ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. రాసుకోమంటారా అనడిగితే రాసుకోండి అన్నారు. లోపలికి పిలవడానికి ఇంకా టైముందట.

నిన్న పొద్దున్న వరండాలో చక్రం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ట్యూబ్ తీయలేదు. చిల్లు ఎక్కడుంటుందో, ఎంతుంటుందో తెలుసు. లేబుల్‌నే చూస్తూ కూర్చున్నాను. వాల్వ్‌కి సరిగ్గా ఎదురుగా ఉంది. మా సైకిల్ గుంపులో ఎవరూ అలా పెట్టరు. చెల్లికి ఎన్నిసార్లు చెప్పినా అది కూడా ఎటు పడితే అటు ఎక్కిస్తుంది. కొండ మీద మనిషి నా మీద పగ కొద్దీ టైరు విప్పినా, లేబుల్ చూసుకుని ఎందుకు పెడతాడు? ఈ లోకంలో ఆ అలవాటు నాకుంది. నేను మొట్టికాయలేసి నేర్పిన ఇంకొక్కరికి ఉంది.

మిషన్ చప్పుడు ఆగింది. ఆయన వరండా గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వేనా?"

"నేనే."

"మొదట్నుంచీ?"

"మొదట్నుంచీ. గాలి లేకపోతే ఇంట్లో ఉంటావనుకున్నాను. నాలుగు రోజులు పోతే చల్లబడతావనుకున్నాను. నువ్వు వాణ్ని చంపేస్తావని భయమేసింది."

"మరి ఇంటికొచ్చింది వాడేనని నేను అరుస్తుంటే నోరు తెరవలేదేం?"

నేను లేచాను. చేతిలో ఇనప పంపుంది, గాలి కొడదామని తెచ్చుకున్నది. చక్రం ఒళ్లోంచి జారి మెట్ల మీద దొర్లింది. వాడు వచ్చానమ్మా వచ్చానమ్మా అని అరవడం చెవుల్లో మోగుతోంది. రాని ఇంటికి వచ్చానన్నాడు. ఆ రెండు వేళ్లూ ఈయన సూది వల్ల, ఈయన నోరు మూసుకుని కూర్చుంటే పోయినవి. చెయ్యి లేచింది. లేచిన మాట నిజం, దాచను.

ఆయన పారిపోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. దారం కట్టిన కళ్లజోడు రెండు చేతులతో నెమ్మదిగా తీశాడు. కాడలు మడిచాడు. కిటికీ గూట్లో, అంచుకి దూరంగా, లోపలికి నెట్టి పెట్టాడు. తిరిగి వచ్చి నా ఎదురుగా, ఇందాక నిలబడ్డ చోటే నిలబడ్డాడు. కళ్లు చికిలించి, నేనెక్కడున్నానో అంచనా వేసుకుంటున్నట్టు చూశాడు.

"అదెందుకు తీశావు?" అన్నాను.

"ఇది కూడా పోతే కుట్టలేను" అన్నాడు.

అంతే అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. వాన వచ్చేటప్పుడు ఆరేసిన బట్టలు తీసుకునే మనిషి గొంతు.

ఎంతకాలం నుంచి అలా తీసి పెడుతున్నాడో నాకు తెలీదు. చూసుంటాను. చూసి, జాగ్రత్త లేని మనిషి అని తిట్టుకుని ఉంటాను. ఆయన నాకు నోరు తెరిచి ఎందుకు చెప్పలేదో అప్పుడు తెలిసింది. చెబితే ఏమవుతుందో ఆ కళ్లజోడుకి తెలుసు. నేను కొండ మీద ఆకులు తిరగేస్తూ, వాణ్ని వెతుకుతూ... ఈ ఇంట్లో ఒక మనిషి నాతో మాట్లాడటానికి సూది తప్ప ఇంకే దారీ లేక తిరుగుతున్నాడు. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. ఏడుపు రాలేదు. నాకెందుకొస్తుంది, దెబ్బలు తిన్నది నేనా?

చెయ్యి దించాను. పంపు కింద పెట్టాను.

"కళ్లజోడు పెట్టుకో."

"ఊఁ" అన్నాడు. పెట్టుకోలేదు.

"పెట్టుకోరా బాబూ, కొట్టను. నా మీద ఒట్టు."

తలూపాడు. గూటి వైపు చూడను కూడా చూడలేదు. కొట్టను అని ఇంతకు ముందు కూడా చెప్పి ఉంటాను. ఎన్నిసార్లు చెప్పానో ఆయనకి గుర్తుండి ఉంటుంది.

ఆ రాత్రంతా ఆయన ముందుగదిలో, నేను వరండాలో. పొద్దున్న లేచి స్నానం చేసి, ఇంట్లో మిగిలిన మేకుల చెక్క, పంపు, ఒక సంచీలో వేసుకున్నాను. సైకిల్ ముట్టుకోలేదు. "స్టేషన్‌కి వెళ్తున్నాను. ఆ చెయ్యి నేనే విరగ్గొట్టానని చెబుతాను. ఉద్యోగం పోతుంది, పోనీ. చెల్లికి జావ నువ్వు తీసుకెళ్లు" అన్నాను. ఆయన చికిలించిన కళ్లతోనే సరేనన్నాడు. నిన్నట్నుంచీ ఆ గూట్లోది అక్కడే ఉంది. తడుముకుంటూ నాకు టీ కాచి ఇచ్చాడు.

గేటు వేసి, వీధి సగం దాకా వచ్చాక వెనక్కి తిరిగి చూశాను. కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను మలుపు తిరిగిపోయాననుకుని ఉంటాడు. గూట్లోంచి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, పెట్టుకుంటున్నాడు.